రోకలిబండ ఒంటి మీద పసుపు చుక్కలు

ఒకప్పుడు రోకలిబండ తెల్లగా ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నా. వానాకాలంలో ఆకుల కింద కనబడుతుందే, ముట్టుకోగానే గుండ్రంగా చుట్ట చుట్టుకుంటుందే, ఆ బోలెడు కాళ్ల పురుగే. ఇప్పుడు దాని ఒళ్లు నలుపు, అంచుల్లో పసుపు చుక్కలు, కింద ఎర్రటి కాళ్లు. అప్పట్లో ఈ సోకులేవీ లేవు. తల నుంచి తోక దాకా ఒకటే రంగు, వెన్నలాంటి లేత తెలుపు.

అచ్చం ఇప్పపువ్వు రంగు.

గోదారి పక్కన కొండల మీద ఒక ఇప్పచెట్ల అడవి ఉండేది. చెట్ల కింద ఎటు చూసినా రాలిన ఆకులే. పైన ఎండినవి, వాటి కింద తడిసినవి, ఇంకా కింద మట్టిగా మారుతున్నవి. ఆ తడాకుల్లోనే రోకలిబండల కాపురం. తడాకే ఇల్లు, తడాకే అన్నం. పొద్దస్తమానం ఆకులు నమిలి నమిలి మెత్తటి మట్టి చేసి చెట్టు వేళ్లకు అందించేవి. చెట్టు ఆ మట్టి తిని బలంగా పెరిగి మళ్లీ బోలెడన్ని ఆకులు రాల్చేది. ఒకరి మీద ఒకరికి ఏ ఫిర్యాదూ లేదు.

ఆ అడవిలో ఒక తల్లి రోకలిబండ ఉండేది. పెట్టిన గుడ్లన్నీ చీమలు మోసుకుపోగా దానికి మిగిలింది ఒక్కడే కొడుకు. పేరు బుల్లోడు. ఒక్కగానొక్కడు కదా, తల్లి వాణ్ణి చూసుకుని ఒకటే మురిసిపోయేది.

"ఎంత తెల్లగా ఉన్నావురా నాన్నా! ఇప్పపువ్వులా ఉన్నావురా! ఏదీ, ఒక్కసారి చుట్టుకో!" అనేది.

బుల్లోడు చుట్టుకునేవాడు. నిజంగానే పువ్వులా ఉండేవాడు. తల్లి పక్కింటి వాళ్లను పిలిచి మరీ చూపించేది. వాళ్లు "అబ్బో" అనేవాళ్లు. అనకపోతే వదలదు మరి.

ఊరికే మురిపెం కోసమే కాదు, ఆ చుట్టుకోవడంలో ఒక లాభం కూడా ఉంది. ఆ అడవిలో ఒక కోడిపెట్ట తిరుగుతుండేది. దానికి పురుగులంటే ప్రాణం. కాలితో ఆకులు గీకి, కదిలిన ప్రతిదాన్నీ టపీమని పొడిచేది.

"అది వచ్చిన చప్పుడైతే గబుక్కున రాలిన పూలల్లో దూరి చుట్టుకో. దాని తాత దిగొచ్చినా నిన్ను పోల్చుకోలేదు" అని తల్లి కొడుక్కి నేర్పింది.

పాపం, మంచికే నేర్పింది. కోడి పోల్చుకోలేకపోతే మనుషులు మాత్రం ఎలా పోల్చుకుంటారు? ఆ సంగతి దానికి తట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుజామున చెట్టు కింద నిలబడితే టపటపమని పూలు నెత్తి మీద పడతాయి. కొండవాళ్లు ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని వస్తారు. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. అందుకని వెలుగు సరిగ్గా రాకుండానే మొదలుపెడతారు. కంటితో చూసి ఏరేదాని కన్నా చేత్తో తడిమి ఏరేదే ఎక్కువ.

ఆ ఉదయం బుల్లోడు ఆకుల పైకి వచ్చి ఆడుకుంటున్నాడు. ఇంతలో కోడిపెట్ట కాలి చప్పుడు వినబడింది. వాడు అమ్మ చెప్పినట్టే పూలల్లో దూరి గట్టిగా చుట్టుకున్నాడు. కోడి వచ్చింది, గీకింది, వెళ్లిపోయింది.

కోడి వెళ్లిన వెంటనే ఒక ముసలి చెయ్యి వచ్చింది. పువ్వు, పువ్వు, బుల్లోడు, పువ్వు. అన్నీ బుట్టలో పడ్డాయి.

"అమ్మా!" అని ఒక్క కేక వినబడింది. తల్లి ఆకుల కిందనుంచి పైకి వచ్చేసరికి బుట్ట మామ్మ నెత్తి మీదకు ఎక్కింది. మామ్మ పేరు ముత్తెమ్మ. కొండ దిగువన ఉన్న పల్లెలో ఆమె ఇల్లు. ఆమెకు పాపం ఏమీ తెలియదు, పువ్వులే ఏరుకున్నాననుకుని కాళ్లీడ్చుకుంటూ ఇంటి దారి పట్టింది.

"ఆగు మామ్మా! అందులో మావాడున్నాడు!" అని తల్లి అరుస్తూ పరుగెత్తింది.

పరుగంటే ఏం పరుగు! అన్ని కాళ్లుండి ఏం లాభం, రోకలిబండ నడక మీకు తెలిసిందే. ముత్తెమ్మ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది.

పక్క చెట్టు కింద ఎలుగుబంటి కూర్చుని ఇప్పపువ్వులు బొక్కుతోంది. మూతినిండా పూల రసం.

"ఎలుగు మామా, ఎలుగు మామా! మా బుల్లోణ్ణి ముత్తెమ్మ బుట్టలో పట్టుకుపోయింది. వాణ్ణి ఏం చేస్తుంది?" అని తల్లి అడిగింది.

ఎలుగుబంటి నమలడం ఆపింది. దాని మొహం దిగాలుగా అయిపోయింది. "వాళ్లు పువ్వుల్ని బండ మీద ఆరబోస్తారే అమ్మా. ఎండ బాగా ఎక్కేసరికి అవి ముడుచుకుపోతాయి. మధ్యాహ్నానికల్లా ఎండి గలగలలాడతాయి" అంది.

రోకలిబండ తడిలో బతికే జీవి. ఎండలో అరపూట కూడా బతకదు. అందులోనూ బుల్లోడు పసివాడు.

"మామా, నన్ను అక్కడ దింపవా?"

"ఊళ్లోకా? నేనా? నన్ను చూస్తే డప్పులు కొట్టి తరుముతారే! వాగు దాకా దింపుతా. అక్కణ్ణుంచి ఇల్లు కనబడుతుంది. ఎక్కు."

తల్లి ఎలుగుబంటి వీపెక్కి జుట్టు పట్టుకుంది. ఎలుగుబంటి గుబురుల్లోంచి దబదబా పరుగు తీసింది. "కాళ్లన్నీ ఒక్కసారే కదపకే, చక్కిలిగింతలు పుడుతున్నాయి!" అని దారి పొడవునా గోల పెట్టింది. అయినా ఆగలేదు. మంచి ఎలుగుబంటి.

వాగు దాటించి దాన్ని గట్టు మీద దింపి, "పోయిరా అమ్మా, పిల్లాడు దొరకాలి" అని చెప్పి వెనక్కి తిరిగింది.

ముత్తెమ్మ ఇంటి ముందే ఒక వెడల్పాటి బండ. దాని నిండా ఇప్పపువ్వులు ఆరబోసి ఉన్నాయి. సూర్యుడు అప్పటికే చెట్ల పైకి వచ్చేశాడు. తల్లి బండ ఎక్కింది. కాళ్లు చురుక్కుమన్నాయి. ఎత్తిన కాలు దించేలోపు ఇంకో కాలు కాలుతోంది.

"బుల్లోడా! ఒరే బుల్లోడా!"

జవాబు లేదు. భయంతో బిగుసుకుని చుట్టుకున్నవాడికి చెవులేం వినబడతాయి?

తల్లి ఒక పువ్వు దగ్గరకు వెళ్లి మీసాలతో తడిమింది. పువ్వే. ఇంకోదాన్ని తడిమింది. అదీ పువ్వే. ఇంకోటి, ఇంకోటి. అన్నీ తెల్లగానే ఉన్నాయి, అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, అన్నీ తన కొడుకులాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ పువ్వులా ఉన్నావని వాణ్ణి ముద్దు చేసింది తనే. ఆ మాట గుర్తొచ్చి దానికి దుఃఖం ఆగలేదు.

"దేవుడా, మావాడికి ఈ రంగెందుకిచ్చావు?" అని బండ మీదే ఏడ్చేసింది.

అప్పుడే ముత్తెమ్మ గుడిసెలోంచి బయటకు వచ్చింది. ఆమెకు నాలుగు రోజులుగా జ్వరం. దుప్పటి కప్పుకుని, పూలు తిరగేద్దామని కర్ర పట్టుకుని వచ్చి, కళ్లు చికిలించి చూసింది.

"ఓయమ్మో! ఇప్పపువ్వుకి కాళ్లొచ్చేయేటి!"

"నేను పువ్వును కాను మామ్మా! రోకలిబండని. మా పిల్లాణ్ణి నువ్వు పువ్వనుకుని ఏరుకొచ్చేశావు. వాడు ఇందులోనే ఎక్కడో ఉన్నాడు. ఎండిపోతాడు మామ్మా!"

ముత్తెమ్మ చేతిలో కర్ర జారిపోయింది. "అయ్యో నా తల్లే! చూసుకోలేదే! నా కళ్లు మండిపోనూ!" అని బండ ముందు కూలబడింది. గబగబా ఒక్కో పువ్వూ ఎత్తి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడసాగింది. ఆ చూపుకి పువ్వేదో పురుగేదో ఏం తెలుస్తుంది? ఎండ చూస్తే పెరిగిపోతోంది.

"ఇలాగైతే సాయంత్రం దాకా తేలదు పిల్లా. ఆడికి ఏదంటే ఇష్టం? ఏం చూస్తే ఇప్పుకుంటాడు?"

తల్లి క్షణం ఆలోచించింది. "తడాకు వాసన! అది తగిలితే నిద్రలోనైనా లేచొస్తాడు."

ముత్తెమ్మ లేచింది. జ్వరం సంగతే మరిచిపోయింది. ముందు పువ్వులన్నీ చాపలోకి ఎత్తి గుడిసె నీడలోకి లాగింది. పెరట్లో పనసచెట్టు కింద ఆకులు రెండు చేతులా ఎత్తి తెచ్చి చాప పక్కన కుప్ప పోసింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుండెడు నీళ్లు తెచ్చి ఆ ఆకుల మీద కుమ్మరించింది.

"మామ్మా, నీకు తాగడానికో?" అంది తల్లి.

"వాగు ఎండిపోలేదులే. నువ్వు ఊరుకో, కదలకుండా చూడు."

తడిసిన ఆకుల వాసన లేచింది. అడవిలో వాన పడ్డ మర్నాడు వచ్చే వాసన. ముత్తెమ్మ, తల్లి ఇద్దరూ చాప మీదకు వంగి చూస్తున్నారు. ఏ పువ్వూ కదల్లేదు.

"ఇంకొంచెం చూద్దాం" అంది ముత్తెమ్మ.

అప్పుడు చాప అంచున ఒక పువ్వు కొంచెం విచ్చుకుంది. అందులోంచి రెండు చిన్న మీసాలు బయటకు వచ్చాయి. తర్వాత తల వచ్చింది. తర్వాత కాళ్లు, ఒక్కొక్కటే, నీరసంగా. బుల్లోడు పాక్కుంటూ వచ్చి తడాకుల మీద బోర్లా పడ్డాడు.

"అమ్మా, దాహం" అన్నాడు.

తల్లి వాణ్ణి తన కాళ్లన్నిటితో చుట్టేసింది. ముత్తెమ్మ దుప్పటి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వాడు తడాకు తిని కాస్త తేరుకున్నాక ముత్తెమ్మ పెద్దగా నిట్టూర్చింది. "ఇయ్యాల దొరికేడు. రేపో? నా కళ్లింతే. మా ఊరోళ్లంతా చీకట్లోనే ఏరతారు. మీరేమో అచ్చం పువ్వుల్లా ఉంటారు. ఎలాగే తల్లీ?"

తల్లి తన తెల్లటి ఒంటిని ఒకసారి చూసుకుంది. కొడుకుని చూసింది. "ఈ రంగు తీసెయ్యి మామ్మా. మమ్మల్ని ఎవరూ పువ్వనుకోకుండా చెయ్యి. ఎంత వికారంగా ఉన్నా ఫరవాలేదు" అంది.

"నిజంగానా?"

"నిజంగా."

ముత్తెమ్మ లోపలికి వెళ్లి జావ కుండ బోర్లించి, దాని అడుగున పేరుకున్న మసి గీకి తెచ్చింది. మసి కలపాలంటే నీళ్లు కావాలి. నీళ్లేమో ఆకుల మీద పోసేసింది. పొయ్యి పక్కన తన జ్వరానికని కాచుకున్న నేలవేము కషాయం ఉంది. నేలవేము చేదు ఎలాంటిదో తాగినవాళ్లకే తెలుస్తుంది. ఆ పేరు వింటేనే మంచి మంచి వాళ్లు మూతి ముడుస్తారు. ముత్తెమ్మ ఆ కషాయంలోనే మసి కలిపి తల్లికీ కొడుక్కీ ఒళ్లంతా పూసింది.

"చేదు! చేదు!" అని బుల్లోడు గంతులేశాడు.

"రోజూ తాగేదాన్ని నేనే ఊరుకున్నాను, పూయించుకోడానికి నీకేటిరా! కదలకు."

పూత అయిపోయింది. ఇద్దరూ బొగ్గుల్లా తయారయ్యారు. తల్లి దణ్ణం పెట్టి "వెళ్లొస్తాం మామ్మా" అంది.

"ఆగాగు. మా గడప తొక్కిన ఆడమనిషిని బోసి మొహంతో పంపుతానేటి? మా ఇంటా వంటా లేదు" అని ముత్తెమ్మ పసుపు గిన్నె తెచ్చింది. అది ఆమె తన కొండ మడిలో పండించి, ఉడకబెట్టి, దంచుకున్న పసుపు. అందులో వేలు ముంచి, తల్లి ఒంటి మీద కణుపు కణుపుకీ అటొక చుక్క ఇటొక చుక్క పెట్టింది. నలుపు మీద పసుపు ధగధగా మెరిసింది.

"నాకో?" అన్నాడు బుల్లోడు.

"మగపిల్లాడికి పసుపేంటి మామ్మా" అని తల్లి సిగ్గుపడింది.

"పెళ్లికొడుకుని చేసినప్పుడు పుయ్యరేటి! రారా" అని వాడికీ చుక్కలు పెట్టింది.

గిన్నె అడుగున కాస్త పసుపు మిగిలింది. ముత్తెమ్మ రొంటిన ఉన్న సున్నం డబ్బీ తీసి, ఇంత సున్నం అందులో కలిపింది. పసుపు ఎర్రటి పారాణి అయింది. "కాళ్లు చాపండి" అంది. ఈ మాట అనేముందు ఆమె కాస్త ఆలోచించుకోవాల్సింది.

రెండు కాళ్లకు పెట్టింది. నాలుగు కాళ్లకు పెట్టింది. పెడుతూనే ఉంది. వేలు నొప్పెట్టింది, నడుం పట్టేసింది.

"ఇంకా ఉన్నాయేటే కాళ్లు?"

"కొన్నే ఉన్నాయి మామ్మా."

"ఇందాకా ఇదే మాటన్నావు!"

మొత్తానికి అయ్యాయి. ఎండ దిగాక ముత్తెమ్మే ఇద్దరినీ దొన్నెలో పెట్టుకుని, వాగు దాటించి ఇప్పచెట్ల మొదట్లో వదిలింది. అక్కడే వాగులో కుండ నింపుకుని ఇంటికి తిరిగింది.

ఆమె అటు వెళ్లిందో లేదో, కోడిపెట్ట ఇటు వచ్చింది. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు దూరానికే కనబడుతున్నాయి. ఇక దాక్కునేదెక్కడ? పువ్వుల్లో దూరినా తెలిసిపోతుంది. కోడి ఉరుకున వచ్చి బుల్లోణ్ణి టపీమని నోట కరుచుకుంది.

తల్లి కెవ్వుమంది.

మరుక్షణం కోడి "థూ! థూ!" అని బుల్లోణ్ణి ఉమ్మేసింది. ముక్కు నేలకేసి రాసింది, చెట్టుకేసి రాసింది, వాగు దాకా పరుగెత్తి నీళ్లు పుక్కిలించింది. "ఛీ ఛీ! ఇంత చేదా! ఈ పసుపు చుక్కల వాళ్ల జోలికి జన్మలో రాను!" అని ఒట్టు పెట్టుకుని పోయింది. బుల్లోడు మెల్లగా చుట్ట విప్పుకున్నాడు. వాడికి గీత కూడా పడలేదు.

ఇంటికి చేరాక చుట్టాలందరూ చుట్టూ మూగారు. "ఇదేం వేషమే! వెన్నలాంటి ఒంటికి మసి పూసుకొస్తావా?" అని ఒకరు, "ఆ కాళ్లేంటి, పెళ్లికి వెళుతున్నావా?" అని ఇంకొకరు, ఒకటే నవ్వులు. తల్లి పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా మళ్లీ బుట్టలు వచ్చాయి. మళ్లీ చేతులు దిగాయి. రోకలిబండలన్నీ భయంతో ఎక్కడివక్కడ చుట్టుకున్నాయి. ఒక చెయ్యి పువ్వులు ఏరుకుంటూ వచ్చి బుల్లోడి మీద ఆగింది. ఆ మసక వెలుతురులోనూ పసుపు చుక్కలు కనబడ్డాయి.

"ఓలమ్మో, ఇది పువ్వు కాదే. ఎవరో పసుపు పెట్టిన జీవి" అని ఆ చెయ్యి వాణ్ణి మెల్లగా పక్కకు జరిపింది. వాడి పక్కనే చుట్టుకున్న పెదనాన్న మాత్రం తెల్లగా ఉన్నాడు కదా, బుట్టలో పడబోయాడు. బుల్లోడి తల్లి ఆ చేతి మీదకు పాకి అడ్డం పడింది కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎండ దిగగానే చుట్టాలందరూ ఎలుగు మామ వీపెక్కి వాగు దాటి, వరసకట్టి ముత్తెమ్మ గుమ్మం ముందుకు వచ్చారు. గుమ్మం నిండా కాళ్లే కాళ్లు. ముత్తెమ్మ నెత్తి పట్టుకుని, "ఓయమ్మో, ఇన్ని కాళ్లకా!" అని కూలబడింది. అయినా కాదనలేదు. అందరికీ మసి పూసింది, అందరికీ పసుపు పెట్టింది. పారాణి మాత్రం ముందొచ్చిన వాళ్లకు చిక్కగా దొరికింది. వెనకొచ్చిన వాళ్లకు పల్చన చేసి సరిపెట్టింది. కొన్ని రోకలిబండల కాళ్లు ఎర్రగా, కొన్నిటివి వెలిసినట్టుగా ఉండేది అందుకే.

ఆ రాత్రి తడాకుల కింద బుల్లోడు తల్లి పక్కన చేరాడు.

"అమ్మా, నేనిప్పుడు ఇప్పపువ్వులా లేను కదా?"

"లేవురా."

"మరి నీకు దిగులుగా లేదా?"

తల్లి వాణ్ణి దగ్గరకు తీసుకుంది. "నిన్న ఆ బండ మీద పువ్వులన్నీ నీలాగే ఉన్నాయిరా నాన్నా. ఏది ముట్టుకున్నా నువ్వు కాదు. నాకు పువ్వులొద్దు. నువ్వుంటే చాలు" అంది.

అప్పటినుంచే రోకలిబండ ఒళ్లు నల్లబడింది. అప్పటినుంచే దాని అంచుల్లో పసుపు చుక్కలు, కింద ఎర్రటి కాళ్లు, ఒంట్లో నేలవేము చేదు. భయమేస్తే ఇప్పటికీ గుండ్రంగా చుట్టుకుంటుంది గానీ, ఏ తల్లి బిడ్డా ఎవరి బుట్టలోనూ పడడు.